పడవలోకి నీళ్ళొస్తే



ఈ పూట సముద్రపు కయాక్ గురించి మాట్లాడుకుందాం. చూడనివాళ్ళ కోసం ముందు దాని రూపం చెబుతాను. సన్నగా, పొడుగ్గా ఉండే పడవ. పదహారు పదిహేడు అడుగుల పొడవు. వెడల్పు మాత్రం రెండడుగులు కూడా ఉండదు. పైభాగమంతా మూసేసి ఉంటుంది. నడుమ ఒక గుంట ఉంటుంది. అందులో కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. చేతిలో రెండు కొసలా పలకలున్న తెడ్డు. ఇంజను ఉండదు. ఇంత చిన్న పడవతో మనుషులు అట్లాంటిక్ దాటారు. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టి వచ్చారు.

కొత్తగా నేర్చుకోబోయేవాళ్ళు అందరూ అడిగే మాట ఒకటుంది. ఏది గట్టిదండీ, ప్లాస్టికా, ఫైబరా? అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు ఇంకో ప్రశ్న అడగమంటాను. లోపలికి నీళ్ళొస్తే ఈ పడవ ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. లోపలికి నీళ్ళొస్తే ఏమవుతుంది?

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానో వినండి.

1993 మార్చి 22. ఇంగ్లండు దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అనే చిన్న ఊరు. ప్లిమత్ నుంచి వచ్చిన ఎనిమిది మంది స్కూలు పిల్లలు, వాళ్ళ టీచరు, ఇద్దరు శిక్షకులు పొద్దున కయాక్‌లలో బయలుదేరారు. వెళ్ళాల్సింది పక్కనే ఉన్న చార్మత్‌కి. ఒడ్డు వెంబడి రెండు మైళ్ళకు కాస్త అటూ ఇటూ. భోజనాల వేళకల్లా ప్రయాణం ముగియాలి.

కాసేపటికే టీచరు పడవ తిరగబడింది. ఎక్కించారు. మళ్ళీ తిరగబడింది. శిక్షకుల్లో ఒకరు ఆయన దగ్గరే ఆగిపోయారు. రెండోవారు పిల్లల పడవలన్నీ పక్కపక్కకు చేర్చి, ఒకరి పడవ ఒకరు పట్టుకోమన్నారు. గాలి ఒడ్డు మీంచి సముద్రం మీదికి వీస్తోంది. ఆ గుంపుని అలాగే లోపలికి తోసుకుపోయింది. ఒడ్డు దూరమైనకొద్దీ కెరటాలు పెద్దవయ్యాయి.

ఆ పిల్లల పడవల్లో గుంటని మూసే గుడ్డ లేదు. దాన్ని స్ప్రే డెక్ అంటారు. నడుముకి తొడుక్కుని, అంచుని గుంట చుట్టూ బిగిస్తారు. అది ఉంటే కెరటం పైనుంచి జారిపోతుంది. లేకపోతే వచ్చిన కెరటమల్లా ఒళ్ళో పడుతుంది. ఆ రోజు అదే జరిగింది. ఒక్కో పడవా నిండింది. ఒక్కొక్కరూ నీళ్ళలో పడ్డారు. సాయం పిలవడానికి రేడియో లేదు. ఆకాశంలోకి వెలుగు చిమ్మే ఫ్లేర్లు లేవు. కోస్ట్‌గార్డుకి కబురు చేరేసరికి బాగా ఆలస్యమైంది. గంటల తరబడి ఆ చల్లని నీళ్ళలో ఉండిపోయారు. నలుగురు పిల్లలు చనిపోయారు.

ఆ శిక్షకులు పనిచేసిన సాహస కేంద్రాన్ని నడిపిన కంపెనీకీ, దాని అధిపతికీ 1994లో శిక్షలు పడ్డాయి. మరుసటి ఏడు, 1995లో, పిల్లల చేత ఇలాంటి సాహసాలు చేయించే కేంద్రాలకు లైసెన్సు ఉండి తీరాలని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది.

ఒక్క సంగతి గమనించారా? ఆ పిల్లలు చనిపోయింది పడవ పగిలి కాదు. పడవలోకి నీళ్ళొచ్చాయి. వచ్చిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు. పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

ఇప్పుడు పడవ లోపలికి చూద్దాం. సముద్రపు కయాక్ పొట్ట మొత్తం ఒకే గది అనుకోండి. తిరగబడితే ముక్కు నుంచి తోక దాకా నీళ్ళే. వందల లీటర్లు. లీటరుకి కిలో బరువు. ఆ పడవని తిప్పలేరు, తోడలేరు, ఎక్కలేరు. అందుకే కూర్చునే గుంటకి ముందొకటి, వెనకొకటి అడ్డగోడలు కడతారు. ముందు గదిలో గాలి. వెనక గదిలో గాలి. నీళ్ళొస్తే మధ్య గదిలోకే వస్తాయి. పడవ తేలుతూనే ఉంటుంది. చేతిపంపుతో ఆ కాసిని నీళ్ళు తోడేస్తే మళ్ళీ సాగిపోవచ్చు. ముందు వెనక గదుల్లో సామాను పెట్టుకోవడానికి పైన రబ్బరు మూతలు ఉంటాయి. చూడటానికి ఇంత చిన్న ఏర్పాటు. నా లెక్కలో సముద్రపు కయాక్‌కి ప్రాణం ఆ రెండు గోడలే.

బ్రిటన్‌లో ఫ్రాంక్ గుడ్‌మన్ రూపొందించిన నార్డ్‌క్యాప్ అనే కయాక్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. నార్వే ఉత్తర కొసకి 1975లో వెళ్ళిన యాత్ర మీద ఆ పేరు వచ్చింది. రెండేళ్ళకి, 1977లో, గుడ్‌మన్ మరో ముగ్గురితో కలిసి ఆ నార్డ్‌క్యాప్‌లలోనే కేప్ హార్న్ చుట్టి వచ్చారు. పెద్ద పెద్ద తెరచాప ఓడలు మునిగిన చోటు అది.

ఇక్కడ మన తెప్పని తలుచుకోకుండా ఉండలేను. విశాఖ, భీమిలి, శ్రీకాకుళం తీరాల్లో పెద్దవాళ్ళు ఎరుగుదురు. దుంగలు పక్కపక్కన చేర్చి కట్టిన తెప్ప. దానికి పొట్టే లేదు. కెరటం మీద పడుతుంది, దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. నింపుదామన్నా నిండదు. అయితే చెక్క నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. అందుకే ఒడ్డుకి చేరాక కట్లు విప్పి దుంగలు ఎండలో ఆరబెట్టేవాళ్ళు. కయాక్ నీళ్ళని రానివ్వనంటుంది. తెప్ప వస్తే రానీ, పోతాయిలే అంటుంది. రెండూ ఆ ఒక్క ప్రశ్నకే జవాబులు. లోపలికి నీళ్ళొస్తే ఏమవుతుంది?

సరే, ఇప్పుడు గట్టితనం సంగతికి వద్దాం.

ప్లాస్టిక్ కయాక్ అంటే పాలిథిన్. పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ గుండ్రంగా తిప్పుతారు. కరిగి గోడలకి పట్టుకుంటుంది. రాయికి కొట్టుకుంటే సొట్ట పడుతుంది, గీత పడుతుంది, తొందరగా పగలదు. రాళ్ళ మధ్య తిరిగేవాళ్ళకి, నేర్చుకునేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను. దీని శత్రువు రాయి కాదు, ఎండ. పెరట్లో ఏళ్ళ తరబడి ఎండకి వదిలేసిన ప్లాస్టిక్ బిందె ఎలా పెళుసెక్కుతుందో మీకు తెలుసు. ఇదీ అంతే. కారు మీద తాళ్ళతో గట్టిగా బిగించి మిట్టమధ్యాహ్నం వదిలేస్తే అడుగు వంకరపోతుంది. కాబట్టి ప్లాస్టిక్ పడవకి ముందు నీడ చూపించండి.

ఫైబర్‌గ్లాసు పడవ తీరు వేరు. గాజు పోగుల గుడ్డని రెసిన్‌తో తడిపి పొరలు పొరలుగా వేస్తారు. బయట జెల్‌కోట్ అనే నున్నని పూత. తేలిగ్గా ఉంటుంది, నీళ్ళలో చురుగ్గా సాగుతుంది. గట్టిగా తగిలితే మాత్రం పూత మీద నక్షత్రం ఆకారంలో సన్నని బీటలు వస్తాయి. భయపడక్కర్లేదు. దీనిలో గొప్ప సుగుణం, మళ్ళీ అతకవచ్చు. ఒక పొర గుడ్డ, కాస్త రెసిన్, ఒక పూట ఓపిక. అడుగున బాగా అరిగే వెన్ను మీద అదనంగా ఒక పట్టీ వేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కార్బన్ పడవలు ఇంకా తేలిక, ఇంకా బిగువు. రాతి దెబ్బకి మాత్రం తట్టుకోలేవు. కెవ్లార్ అనే గట్టి పోగు కలిసిన పడవ పగిలినా పోగులు విడిపోకుండా పట్టుకుని ఉంటాయి.

ఇంకో ముచ్చట. అసలు కయాక్ పుట్టింది ఆర్కిటిక్ ప్రాంతాల్లో. గ్రీన్‌లాండ్‌లో ఇనూయిట్ వేటగాళ్ళు సముద్రం కొట్టుకొచ్చిన కర్రతో చట్రం కట్టి, దాని మీద సీలు తోలు కుట్టేవాళ్ళు. చట్రంలో కర్రల్ని తోలు తాళ్ళతో బిగించేవాళ్ళు. కెరటం వంగమంటే వంగేది. వాళ్ళు వేసుకునే తోలు చొక్కా పేరు తుయిలిక్. అది మొహం చుట్టూ, మణికట్ల దగ్గర, గుంట అంచు చుట్టూ బిగుసుకునేది. తిరగబడినా చుక్క నీరు లోపలికి వచ్చేది కాదు. తెడ్డు ఊతంతో అలాగే పల్టీ కొట్టి లేచేవాళ్ళు. ఆ వేటగాళ్ళ పడవ పలచన. తోలుని తరచూ ఆరబెట్టాలి, కొవ్వు పట్టించాలి, పాడైతే మార్చాలి. అంత శ్రద్ధ చూపారు కాబట్టే అది మంచుసముద్రంలో పనిచేసింది.

జర్మనీవాళ్ళు అదే చట్రాన్ని మడత పెట్టి సంచిలో పట్టేలా చేశారు. రబ్బరు పట్టించిన గుడ్డ దాని తోలు. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ యువకుడు డాన్యూబ్ నది ఒడ్డున ఉల్మ్ ఊరి నుంచి అలాంటి మడత కయాక్‌లో బయలుదేరాడు. పర్షియన్ గల్ఫ్ దాటి, మన దేశపు పడమటి తీరం వెంట దిగి, సింహళం చుట్టి, మద్రాసు మీదుగా కలకత్తా వైపు సాగాడు. అంటే మన తెలుగు తీరం మొత్తం తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. 1939లో ఆస్ట్రేలియా ఉత్తర కొస దీవులకి చేరాడు. అప్పటికి యుద్ధం మొదలైంది. శత్రుదేశస్థుడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. దారిలో పడవలు పాడవుతూనే వచ్చాయి. కంపెనీ కొత్తవి పంపుతూ వచ్చింది. ఏడేళ్ళ ప్రయాణాన్ని ఒక్క పడవ మోయలేదు.

హాన్నెస్ లిండెమన్ కథ ఇంకా ముఖ్యం. ఆయన జర్మన్ డాక్టరు. 1956లో కానరీ దీవుల నుంచి క్లెపర్ కంపెనీ మడత కయాక్‌లో ఒంటరిగా అట్లాంటిక్ దాటారు. 72 రోజులు పట్టింది. దారిలో రెండుసార్లు తిరగబడింది. ఒకసారి రాత్రి చీకట్లో. ఆ కెరటాల్లో దాన్ని నిలబెట్టడం కుదరలేదు. బోర్లాపడిన పడవ అడుగుని పట్టుకుని తెల్లారేదాకా వేలాడారు. వెలుగు వచ్చాక తిప్పి, నీళ్ళు తోడి, మళ్ళీ ఎక్కారు. ఆ పడవ పక్కల్లో పొడవునా గాలి గొట్టాలు ఉంటాయి. తిరగబడినా, లోపల నీళ్ళు నిండినా, అది తేలుతూ ఉంది. తేలింది కాబట్టే పట్టుకోవడానికి ఆయనకి ఏదో ఒకటి మిగిలింది.

కయాక్‌లు నడిసముద్రంలో పగలడం తక్కువ. ఒడ్డున పగులుతాయి. రాళ్ళ మీద దింపేటప్పుడు, కెరటంతో పాటు ఇసుకకి కొట్టుకున్నప్పుడు, కారు మీంచి జారినప్పుడు. అందుకే మరమ్మతు సంచి తప్పకుండా ఉండాలి. అందులో ఏముండాలి? ఇంటి కప్పు కారకుండా అంటించే తారు టేపు ఉంటుంది చూశారా, అది చాలా మంచిది. పగులు చుట్టూ గుడ్డతో తుడవండి. స్టవ్ మంట దూరం నుంచి చూపించి ఆరనివ్వండి. టేపు వెనక కూడా కాస్త వెచ్చబెట్టి, బొటనవేలితో అంచులు నొక్కుతూ అంటించండి. ఇంటికి చేరేదాకా ఆగుతుంది.

ఇంకో చిన్న వస్తువు, పెద్ద తలనొప్పి. పడవ వెనక అడుగున స్కెగ్ అని చిన్న రెక్క ఉంటుంది. పక్కగాలికి పడవ మొహం తిరిగిపోకుండా దాన్ని కిందికి దించుతారు. గులకరాళ్ళ ఒడ్డు మీంచి పడవని లాగితే ఒక చిన్న రాయి ఆ సందులో ఇరుక్కుంటుంది. సముద్రంలోకి వెళ్ళాక మీటని తోస్తారు. రాదు. గట్టిగా తోస్తే లోపలి తీగ మెలిపడుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు రెక్క కొసకి చిన్న రంధ్రం చేసి, బెత్తెడు తాడు కట్టి వదులుతారు. రెక్క ఇరుక్కుంటే పక్క పడవలో ఉన్నవాళ్ళు చెయ్యి చాపి ఆ తాడు లాగుతారు. రాయి రాలిపోతుంది.

ఇక మనిషి ఒంటి మీద ఉండాల్సినవి. ఇక్కడ ఒక్క నియమం. పడవలో ఉన్నది పడవది. ఒంటి మీద ఉన్నదే మీది. మళ్ళీ చెబుతున్నాను. పడవలో ఉన్నది పడవది, ఒంటి మీద ఉన్నదే మీది. తిరగబడి పడవ చెయ్యి జారితే, గాలికి అది మీకంటే వేగంగా పోతుంది. వెనక గదిలో భద్రంగా దాచిన రేడియో దానితోపాటే పోతుంది. కాబట్టి రేడియో, విజిల్, ఫ్లేరు, అన్నీ లైఫ్ జాకెట్ జేబుల్లోనే ఉండాలి. జాకెట్ అన్ని పట్టీలూ బిగించి వేసుకోవాలి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే అది వదులుగా ఉన్నట్టే.

స్ప్రే డెక్ గురించి చెప్పాను. దానికి ముందువైపు ఒక పట్టీ ఉంటుంది. తిరగబడినప్పుడు ఆ పట్టీ లాగితేనే గుడ్డ ఊడి మనిషి బయటపడతాడు. తొందరలో ఆ పట్టీ లోపలే ఉండిపోయేలా బిగించేస్తుంటారు. అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. బయలుదేరే ముందు ప్రతిసారీ చేత్తో తడిమి చూడండి. పక్కవారి పట్టీ కూడా చూడండి. పట్టీ బయట ఉండాలి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు చాలామంది ఈ మధ్య కయాక్‌లు నేర్చుకుంటున్నారు. వాళ్ళ కోసం ఒక మాట. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త చల్లని నీళ్ళ మీద ఎంతో పరిశోధన చేశారు. ఆయన చెప్పే లెక్క ఒకటి, పది, ఒకటి. మంచులాంటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు, ఎగశ్వాస వస్తుంది. కంగారు పడకుండా ఆ నిమిషం గడవనివ్వాలి. తర్వాత పది నిమిషాలే చేతులు మాట వింటాయి. ఎక్కాలన్నా, పిలవాలన్నా అప్పుడే. ఆ తర్వాత, జాకెట్ తేల్చి ఉంచితే, స్పృహ తప్పడానికి ఓ గంట పడుతుంది. అంటే రక్షించేవాళ్ళు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. కాబట్టి అక్కడ ఎండ చూసి బట్టలు వేసుకోవద్దు. నీళ్ళ చలి చూసి వేసుకోండి. ఒడ్డున చెమట పట్టినా సరే, ఒంటికి నీళ్ళు తగలనివ్వని డ్రై సూటు వేసుకోమనండి మీ పిల్లల్ని.

మన బంగాళాఖాతం అంత చల్లన కాదు. ఇక్కడి బాధ ఒడ్డున విరిగే కెరటం. రుషికొండ లాంటి చోట అద్దెకిచ్చే కయాక్‌లు చాలావరకు పైన కూర్చునే రకం. గుంట ఉండదు. కూర్చునే చోట రంధ్రాలుంటాయి, పడిన నీళ్ళు వాటిలోంచి దిగిపోతాయి. మన తెప్ప పద్ధతే. కానీ వాటి కింద బోలు పొట్ట ఉంటుంది. అది మరిచిపోకండి. ఆ రంధ్రాల అంచుల్లో సన్నని బీట పడితే నీళ్ళు నెమ్మదిగా లోపలికి చేరతాయి. పైకి ఏమీ కనిపించదు. పడవ మాత్రం బరువెక్కి మొండికేస్తుంది.

మన తీరంలో కెరటం దాటేటప్పుడు జాలర్లు చేసేది చూడండి. తొందరపడరు. వరసగా పెద్ద కెరటాలు వచ్చి పోయేదాకా ఆగి, తెరపి దొరకగానే కదులుతారు. మీరూ అంతే చేయండి. ఒకవేళ ఒడ్డు దగ్గర పడిపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. పడవకీ ఒడ్డుకీ మధ్య నిలబడకండి. నీళ్ళు నిండిన పడవని కెరటం ఎత్తి విసిరితే మోకాళ్ళు, నడుము విరుగుతాయి. మీరు ఎప్పుడూ సముద్రం వైపే ఉండండి, పడవని ఒడ్డు వైపు ఉండనివ్వండి. పడవకీ ఒడ్డుకీ మధ్య మాత్రం నిలబడకండి.

అద్దెకి తీసుకునే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. సిగ్గుపడకుండా చేయండి. పడవ వెనక కొసన చిన్న బిరడా ఉంటుంది. అది బిగించి ఉందో లేదో చూడండి. తర్వాత ఇద్దరు కలిసి పడవని రెండు కొసలా పట్టుకుని అటూ ఇటూ వంచండి. చెవి పెట్టి వినండి. గుడగుడమని లోపల నీళ్ళు కదిలిన చప్పుడైతే ఆ పడవ తీసుకోకండి, ఇంకోటి అడగండి. చప్పుడు లేకపోతే నడుము లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి, కావాలనే బోర్లా వేయండి. తిప్పండి. పక్క నుంచి పొట్ట మీద పాకుతూ ఎక్కండి. పిల్లలుంటే వాళ్ళ చేత కూడా ఎక్కించండి. అక్కడ ఎక్కగలిగినవాళ్ళే లోపలికి వెళ్ళాలి. ఎక్కలేకపోతే ఆ రోజుకి నడుము లోతులోనే ఆడుకోవచ్చు.